కొడుకుని "చావు" అన్నాను, నా నోటి మాటే తగిలిందా?

ప్రశ్న: అక్కయ్యగారికి వందనాలు. నా పేరు, ఊరు వేయొద్దు. మాది ఒంగోలు దగ్గర. మా అబ్బాయికి 17 ఏళ్ళు, ఇంటర్ సెకండియర్. రోజంతా ఫోను, లేకపోతే బండి. రెండు నెలల కిందట ఒకరోజు పొద్దున్నే ట్యూషన్ ఎగ్గొట్టి వాళ్ళ నాన్న బండి తాళం తీస్తుంటే నాకు ఒళ్ళు మండి "పో, పోయి ఎక్కడన్నా చావు, నాకు పీడ విరగడౌద్ది" అన్నాను. ఆ సాయంత్రమే బైపాస్ దగ్గర కంకర మీద బండి జారి పడ్డాడు. కాలు విరిగింది, లోపల రాడ్ వేశారు. ప్రాణానికేం కాలేదు, దేవునికి స్తోత్రం. మా స్త్రీల కూడికలో ఒక సిస్టర్ "జీవమరణములు నాలుక వశము అని వాక్యం ఉంది కదా, నీ నోటి మాటే వాడికి కట్టుబడిపోయింది, నీ నోటితోనే రద్దు చేయాలి" అని 21 రోజులు ఉపవాసం పెట్టించి, రోజూ వందసార్లు "ఆ మాటను రద్దు చేస్తున్నాను" అని పలికించింది. అయినా నాకు నిద్ర లేదు. నోరు తెరవాలంటేనే భయం. నాకు షుగర్ ఉంది, దాన్ని కూడా "ఉంది" అని నోటితో ఒప్పుకోకూడదు, ఒప్పుకుంటే ఉండిపోద్ది అన్నారు, నెల నుంచి టాబ్లెట్లు మానేశాను. వాడితో ఆ రోజు సంగతి నేను ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. నేనేం చేయాలి?

సమాధానం: చెల్లెమ్మా, వందనాలు. నువ్వు అనే రాస్తున్నా, వయసులో బాగా పెద్దదాన్ని, ఏమనుకోకు.

ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశావే, ఆ టాబ్లెట్ల సంగతి, అది చదవగానే నాకు దడ పుట్టింది. అబ్బాయి కాలు డాక్టర్లు చూసుకుంటున్నారు, నిన్నెవరు చూస్తున్నారు? షుగరున్న మనిషి టాబ్లెట్లు మానేసి, అది చాలదన్నట్టు 21 రోజులు ఉపవాసమా? రేపు పొద్దున ఏమీ తినకుండా వెళ్ళి ఫాస్టింగ్ షుగర్ చేయించు, మూడు నెలల యావరేజి చెప్పే టెస్టు ఉంటుంది కదా అది కూడా చేయించు, ఆ కాగితాలు పట్టుకుని మీ డాక్టరు దగ్గరికెళ్ళి "నెల రోజులు మానేశానండి" అని ఉన్నదున్నట్టు చెప్పు. తిడతారు, పడు. పాత చీటీ చూసి నీ అంతట నువ్వే మళ్ళీ మొదలెట్టకు, డోసు ఆయన చెప్పాలి. విపరీతమైన దాహం, వాంతులు, మనిషి తూలిపోవడం లాంటివి ఉంటే మాత్రం రేపటిదాకా కూడా ఆగకు, ఇప్పుడే లే.

ఇక ఆ "ఒప్పుకోకూడదు" అనే మాట. నేను 31 ఏళ్ళు బళ్ళో తెలుగు పాఠం చెప్పి, ఆదివారం సండేస్కూల్ చెప్పి, ఇంత వయసొచ్చాక కూడా నాకు ఇది ఎక్కడ రాసుందో దొరకలేదు. యాయీరు గుర్తున్నాడా, సమాజ మందిరపు అధికారి, యేసుప్రభువు కాళ్ళ మీద పడి ఏమన్నాడు? "నా చిన్నకుమార్తె చావనై యున్నది" అన్నాడు. చావు అనే మాట, సొంత కూతురి మీద, ప్రభువు మొహం మీదే అనేశాడు. "అయ్యో, అట్లా నెగెటివ్‌గా పలకకు, ముందు ఆ మాట రద్దు చెయ్" అన్నాడా ప్రభువు? ప్రభువే లేచి అతని వెంట నడిచాడు, అంతే. పౌలు సంగతి చూడు. తిమోతికి రాసిన రెండో ఉత్తరం చివర్లో "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచివచ్చితిని" అని రాసిపెట్టాడు. అపొస్తలుడు, ఆయన గుడ్డలు తగిలితేనే రోగాలు పోయినోళ్ళున్నారు, ఆయన తన తోటి సేవకుడికి ఒంట్లో బాలేదని కాగితం మీద పెట్టి సంతకం చేశాడు, రెండు వేల ఏళ్ళుగా మనం చదువుకుంటున్నాం. అదే తిమోతికి కడుపు జబ్బుందని మొదటి ఉత్తరంలోనే రాసి ఏం తాగాలో కూడా చెప్పాడు. జబ్బు పేరు నోటితో చెప్తే జబ్బు అతుక్కుపోయేదైతే పౌలంత నోరు జారినోడు ఇంకోడు లేడు.

ఈ బోధ ఎక్కడినుంచి వచ్చిందో కూడా కాస్త చెప్తా, ఎందుకంటే మనోళ్ళు దీన్ని ఆదినుంచీ ఉన్న వాక్యం అనుకుంటారు. అమెరికాలో ఇ.డబ్ల్యు. కెన్యన్ అని ఒకాయన (1867-1948), ఆయన రాతల్లో దీని మొలక ఉంది. తర్వాత ఓక్లహోమా రాష్ట్రం టల్సా ఊళ్ళో కెన్నెత్ హేగిన్ (1917-2003) దాన్ని పెద్ద చెట్టు చేశాడు, 1974లో రేమా అని బైబిల్ స్కూలే పెట్టాడు. అక్కణ్ణుంచి పుస్తకాలు, క్యాసెట్లు, తర్వాత టీవీలు, ఇప్పుడు ఫోన్లు, అట్లా మన పల్లెల దాకా వచ్చింది. వాళ్ళు ఎక్కువగా పట్టుకునే వచనం మార్కు 11:23, కొండతో మాట్లాడితే కొండ కదులుతుంది అనేది. దానికి ముందు వచనంలో "దేవునియందు విశ్వాసముంచుడి" అని ఉంది, అది ఎవరూ చదవరు. నమ్మకం దేవుడి మీద పెట్టమంటే మన నోటి మీద పెట్టుకున్నాం.

అట్లాగని ఆ బోధ వినే వాళ్ళని నేను వెక్కిరించను. పుట్టినప్పటినుంచి నువ్వు తక్కువ, నువ్వు తక్కువ అని చెవిలో పోయించుకున్న జనానికి, "నేను దేవుని బిడ్డని" అని గట్టిగా నోటితో అనడం ఎంత బలమో నాకు తెలుసు. మీ ఒంగోలు వైపు వాళ్ళకి నేను చెప్పేదేముంది, 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలం. అప్పటిదాకా వాళ్ళల్లో ఎక్కువమందిని ఊళ్ళో ఒరేయ్ తురేయ్ అని తప్ప పేరుపెట్టి పిలిచినోళ్ళు లేరు. మా నాయనమ్మ వాళ్ళ మామగారికి ఇంట్లో పెట్టిన పేరు పెంటయ్య, పుట్టిన బిడ్డలు దక్కకపోతే అట్లాంటి పేర్లు పెట్టేవాళ్ళు కదా. బాప్తిస్మంలో సమూయేలు అన్నారు. ఎవరన్నా "సమూయేలూ" అని పిలిస్తే ఆయన మంచం మీద వాలి ఉన్నోడు కూడా లేచి నిటారుగా కూర్చుని అప్పుడు పలికేవాడట. మాటకి బలం లేదని నేనెట్లా అంటాను? ఆ బలం ఎక్కడ పనిచేస్తుంది అన్నదే నా గొడవ.

మన ఇళ్ళల్లో ఏమనేవాళ్ళు, సందెవేళ అశుభం పలకొద్దు, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, అన్నది అన్నట్టు జరిగిపోద్ది అనేవాళ్ళు. నాలుక మీద మచ్చున్నోళ్ళ నోట్లో పడకూడదు అనేవాళ్ళు. పక్కింటి వాళ్ళ నమ్మకం వాళ్ళది, నేనేమీ అనను. కానీ చెల్లెమ్మా, మనం చేసిందేంటంటే ఆ తథాస్తు దేవతలకి బాప్తిస్మం ఇచ్చి చర్చిలోకి తెచ్చుకుని, సామెతలు 18:21 అని కొత్త పేరు పెట్టుకున్నాం. మీ సిస్టర్ చెప్పింది సరిగ్గా అదే. నువ్వు అన్నావు, ఎవరో "తథాస్తు" అన్నారు, బండి జారింది.

అట్లా అయితే మన జిల్లాల్లో పదో తరగతి దాటిన పిల్లాడు ఒక్కడుండడు. నీ బొంద, నీ మొహం మండ, నీ దుంపతెగ, చచ్చినోడా, ఇవి లేకుండా మనకి పొద్దు గడుస్తుందా? మా నాయనమ్మ "నీ జిమ్మడిపోను, ఇంకో ముద్ద తినవే" అనకుండా నాకు అన్నం పెట్టినట్టు గుర్తులేదు, 70 దాటి ఇదిగో కూర్చుని నీకు రాస్తున్నా. సామెతల గ్రంథమే ఇంకోచోట, 26:2లో, "హేతువులేని శాపము తగులకపోవును" అంటుంది, వాలకుండా ఎగిరిపోయే పిచ్చుకతో పోల్చి మరీ చెప్తుంది. నాలుక వశము అన్న పుస్తకమే ఇదీ అంది. ఒకటి కంఠతా పట్టి ఇంకోటి వదిలేస్తే ఎట్లా.

సరే, మరి "జీవమరణములు నాలుక వశము" అంటే ఏంటి అంటావు. ఆ అధ్యాయం మొత్తం ఒకసారి కూర్చుని చదువు, తగాదాలు, సాక్ష్యాలు, వాదప్రతివాదాలు, ఒకడు ముందు చెప్తే వాడిదే న్యాయం అనిపిస్తుంది అవతలోడు వచ్చేదాకా అని, అంతా పంచాయితీ వాసన. ఆ రోజుల్లో ఊరి గవిని, అంటే ఊరి ద్వారం దగ్గర పెద్దలు కూర్చుంటే ఇద్దరు సాక్షులు నోరు విప్పితే ఒక మనిషి ప్రాణం పోయేది. నాబోతుకి అదే జరిగింది. రాజు ఆహాబుకి తన ద్రాక్షతోట ఇవ్వనన్నందుకు రాణి యెజెబెలు ఇద్దరు పనికిమాలినోళ్ళని కూర్చోబెట్టి వీడు దేవుణ్ణి దూషించాడని చెప్పించింది, రాళ్ళతో కొట్టి చంపేశారు. నాలుక చంపింది, నిజమే. కానీ మధ్యలో విన్నవాళ్ళున్నారు, నమ్మినవాళ్ళున్నారు, రాళ్ళు పట్టిన చేతులున్నాయి. మాట గాల్లోంచి వెళ్ళి నాబోతుకి తగల్లేదు. మాట ఎప్పుడూ చెవిలోంచే వెళ్తుంది.

నీ మాట కూడా అంతే. బైపాస్ మీద కంకరకి నీ మాట వినపడలేదు. నీ కొడుక్కి వినపడింది.

దీని దగ్గరికి మళ్ళీ వస్తా, ముందు నీ భయం తీరాలి. మీ కూడికల్లో సంఖ్యాకాండం 14:28 కూడా చెప్పే ఉంటారు, "మీరు నా చెవిలో చెప్పినట్లు" చేస్తాను అని దేవుడన్న మాట, అదిగో చూశావా నోటితో అన్నదే దేవుడు చేశాడు అని. ఇక్కడ ఆగి ఆ అధ్యాయం పైనుంచి కిందికి చదువు చెల్లెమ్మా, నాకైతే నీ ఉత్తరానికి జవాబు అక్కడే దొరికింది. కానాను దేశం చూసొచ్చిన వేగులవాళ్ళు భయపెడితే ఇశ్రాయేలు జనం రాత్రంతా ఏడ్చి రెండు మాటలన్నారు. ఒకటి, ఈ అరణ్యంలోనే చచ్చినా బాగుండేది అని తమ గురించి. రెండోది, మా పెళ్ళాలు పిల్లలు కొల్లపోతారు అని, అంటే పిల్లల గురించి. మొదటిది జరిగింది. ఎందుకు జరిగింది, వాళ్ళు పదిసార్లు దేవుణ్ణి కాదన్నారు, దేవుడే కూర్చుని తీర్పు చెప్పాడు, మాట దానంతటది వెళ్ళి పని చేయలేదు. రెండోది? 31వ వచనం చూడు. కొల్లపోతారని మీరు చెప్పిన ఆ పిల్లల్నే నేను ఆ దేశంలోకి తీసుకెళ్తాను అన్నాడు. తీసుకెళ్ళాడు కూడా. లక్షలమంది తల్లిదండ్రులు ఒక్క గొంతుతో పిల్లల మీద చెడ్డ మాట అంటే, దేవుడు ఆ మాట విని, గుర్తుపెట్టుకుని, దానికి సరిగ్గా తిరగేసి చేశాడు. ఇదే 14వ అధ్యాయం, మీకు భయం చెప్పిన వచనానికి మూడు వచనాల కింద.

ఇంకోటి చెప్పి ఇది ఆపేస్తా, ఏలీయా బదరీ చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసేయ్ ప్రభువా అని నోరారా అడిగాడు. దూత వచ్చి లేపి రొట్టె, నీళ్ళు చూపించి తినమన్నాడు, అతను తిని మళ్ళీ పడుకుంటే, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. చావు కావాలని అడిగిన ఆ మనిషే చివరికి చావకుండా సుడిగాలిలో పైకెళ్ళాడు. విసిగిపోయిన మనిషి నోట్లోంచి వచ్చేదాన్ని దేవుడు స్టాంపు పేపరు మీద రాయించుకోడు.

కాబట్టి మీ వాడి కాలు నీ నోటి వల్ల విరగలేదు. కంకర వల్ల, స్పీడు వల్ల విరిగింది. ఇంకా ఒకటి అంటా, కోపం తెచ్చుకోకు. వాడికి 17 ఏళ్ళు. గేరు బండికి లైసెన్సు 18 నిండితేగానీ ఇవ్వరు. ఆ రోజు మీ ఇంట్లో జరిగిన తప్పుల్లో నీ నాలుక కంటే ఆ తాళంచెవి పెద్ద తప్పు, అది వాడి చేతికి అందే చోట మేకుకి వేలాడుతుండటం. దాని గురించి మీ కూడికలో ఎవరూ ఉపవాసం పెట్టించినట్టు లేదు. మీ ఆయన్ని తాళం బీరువాలో పెట్టమను.

ఇప్పుడు అసలు సంగతి.

మా చిన్నమ్మాయి పదో తరగతిలో ఉన్నప్పుడు క్రిస్మస్ ముందు రోజుల్లో ఇంటినిండా చుట్టాలు, అందరం చాపలేసుకుని కజ్జికాయలు చేస్తున్నాం. పెద్దది చకచకా వత్తుతుంది, చిన్నది అంచులు మడుస్తుంటే అన్నీ విచ్చుకుపోయి నూనెలో కొబ్బరంతా తేలింది. అరకేజీ పైన పాడైంది. నేను పదిమంది ముందు "ఇది మా ఇంటి దండగ, ఏ పనీ చేతకాదు, రేపు ఏ ఇంటికెళ్ళినా వెనక్కి పంపిస్తారు" అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. దాని బొటనవేలు అంచు మీద అట్లాగే ఆగింది, ఒక క్షణం, తర్వాత మళ్ళీ మడవడం మొదలెట్టింది. అంతే. నేను ఆ రాత్రికే మర్చిపోయా.

14 ఏళ్ళ తర్వాత, దానికి బ్యాంకులో ఉద్యోగం, మంచి మొగుడు, ఒక బిడ్డ, ఎవరూ వెనక్కి పంపలేదు, నేనన్న మాటల్లో ఒక్కటంటే ఒక్కటి జరగలేదు. ఒకరోజు దాని ఇంట్లో కూర్చుని "క్రిస్మస్‌కి కజ్జికాయలు చేద్దామా" అన్నాను. "నేను చెయ్యనమ్మా, కొనుక్కొస్తా" అంది. ఏమే అంటే, పాత్రలు కడుగుతూ నా వైపు తిరక్కుండానే "నేను దండగ కదా" అంది. నవ్వుతూనే అంది. నాకు ఆ బొటనవేలు గుర్తొచ్చింది చెల్లెమ్మా, ఉన్నపళంగా, నిన్న జరిగినట్టు. ఆ పిల్ల 14 ఏళ్ళు కజ్జికాయ ముట్టుకోలేదు.

మాట జరిగిపోయిందా అంటే జరగలేదు. పనిచేసిందా అంటే చేసింది. నేను వంద ఉపవాసాలుండి "రద్దు, రద్దు" అని గోడకి చెప్పుకున్నా అది ఎవరి చెవిలో ఉందో ఆ చెవిలోంచి పోదు. ఎఫెసీ పత్రికలో పౌలు మాట గురించి చెప్తూ "వినువారికి మేలు కలుగునట్లు" అన్నాడు, కొలత అక్కడ పెట్టాడు, వినేవాడి దగ్గర. మీ సిస్టర్ ఇచ్చిన పరిహారంలో వినేవాడే లేడు. నువ్వు దేవుడితో మాట్లాడావు, సాతానుతో మాట్లాడావు, నీ నోటితో నువ్వు మాట్లాడావు, పక్క గదిలో కాలికి కట్టుతో పడుకున్న పిల్లాడితో మాత్రం మాట్లాడలేదు. రెండు నెలలు. వాడు ఏమనుకుంటున్నాడో ఎప్పుడన్నా ఆలోచించావా? నేను చెప్పలేను వాడి మనసులో ఏముందో, కానీ 17 ఏళ్ళ మగపిల్లలు మనం అనుకున్నంత మొద్దులు కారు. "మా అమ్మ కోరుకున్నదే నాకు జరిగింది" అని ఒక్క రాత్రన్నా అనుకునే ఉంటాడని నా భయం. పైగా నువ్వు 21 రోజులు పస్తులుండి ఏదో రద్దు చేస్తున్నావని వాడికి వినపడే ఉంటుంది, అంటే అమ్మ కూడా అది నిజంగా శాపమే అనుకుంటుంది అన్నమాట, వాడి లెక్కలో.

కాబట్టి వాడి దగ్గరికే వెళ్ళాలి. ఎట్లా వెళ్ళాలో కూడా బైబిల్లో ఉంది. పేతురు చలిమంట దగ్గర నిలబడి ఆ మనిషెవరో నాకు తెలీదు అని మూడుసార్లు అన్నాడు, ఒట్లు పెట్టుకుని శపించుకుని మరీ అన్నాడు. అంతకంటే ఘోరమైన మాట ఏ నోటి నుంచి వచ్చుంటుంది? ప్రభువు లేచాక ఏం చేశాడు? తెల్లారుజామున సముద్రం ఒడ్డున నిప్పులు చేసి, చేపలు కాల్చి, రొట్టె పెట్టాడు. ముందు తినమన్నాడు. వాళ్ళు తిన్న తర్వాతే అడిగాడు, "నన్ను ప్రేమించుచున్నావా" అని, మూడుసార్లు. పేతురు ఏ నోటితో కాదన్నాడో ఆ నోటితోనే, ఎవరి గురించి అన్నాడో ఆయన మొహం చూసి చెప్పాడు. ఆ మొహం చూడటమే కష్టం. అది లేకుండా వంద సార్లు ఏది పలికినా తేలికే.

అందుకని నువ్వు రేపు డాక్టరు దగ్గర్నుంచి వచ్చాక వాడికి ఇష్టమైంది ఏదైనా చేసి పెట్టు. గుడ్డట్టో, చికెన్ ఫ్రైయో, నీకే తెలుసు. తినేటప్పుడు మాట్లాడకు. తిన్నాక మంచం పక్కన కూర్చో, వాళ్ళ నాన్న, ఇంకెవరూ లేనప్పుడు. నేను మా అమ్మాయి దగ్గర చేసిన తప్పు నువ్వు చేయకు. నేను "తప్పయిపోయిందే, కానీ నువ్వు కూడా అరకేజీ పిండి..." అని మొదలెట్టా. ఆ కానీ దగ్గరే నా క్షమాపణ చచ్చింది, మళ్ళీ ఇంకోరోజు ఇంకోసారి చెప్పుకోవాల్సొచ్చింది. నువ్వు ఫోన్ గురించి, ట్యూషన్ గురించి, బండి గురించి ఆ రోజు ఒక్క మాట ఎత్తకు. ఆ రోజు అన్న మాట నువ్వే నోటితో చెప్పు, వాడి చేత చెప్పించకు. "ఆ రోజు నిన్ను చావు అన్నాను. అది నా కోపం. నువ్వు పోతే నాకు పీడ విరగడ అవ్వదు నాన్నా, నేను బతకలేను. నీ కాలు విరిగింది నా మాట వల్ల కాదు, అట్లా ఎవరన్నా చెప్పినా నమ్మకు. కానీ ఆ మాట అనడం నా తప్పు, క్షమించు." ఇంత పొడుగు అవసరం లేదు, నీ మాటల్లో చెప్పు. (అందులో ఒక కానీ వచ్చింది చూశావా, అది నీ మీదకే వేసుకున్న కానీ, అది పర్లేదు.)

వాడు ఏడవకపోవచ్చు. "సర్లే అమ్మా" అని ఫోన్ తీస్తాడు చాలావరకు. ఏమీ అనకు. వినపడిందా లేదా అన్నదే నీకు కావాల్సింది, వాడు కూర్చుని సాక్ష్యం చెప్పక్కర్లేదు. మా అమ్మాయి కూడా నేను రెండోసారి అడిగినప్పుడు "అబ్బా, ఇప్పుడెందుకమ్మా" అని టీ పెట్టడానికి వెళ్ళిపోయింది. మరుసటి క్రిస్మస్‌కి ఏం జరిగింది అని అడక్కు, కజ్జికాయలు కొనే తెచ్చింది. కానీ పోయినేడు వాళ్ళ పాపకి అంచు మడవడం నేర్పుతుంటే పక్కన వచ్చి కూర్చుంది, చేయలేదు, కూర్చుంది.

రద్దు ప్రార్థన ఇంక చాలు, ఆపేయ్. ప్రార్థన చేయాలనిపిస్తే కీర్తన 141 చెయ్, "నా నోటికి కావలియుంచుము" అని దావీదు అడిగాడు కదా, అది మాట జారకముందు చేసే ప్రార్థన, మన ఇళ్ళకి అది సరిపోతుంది. నాకు పొద్దున పూట పొయ్యి దగ్గర ఎక్కువ పనికొచ్చింది, మా ఆయన కాఫీ అడిగే లోపల. మళ్ళీ జారవా అంటే జారుతుంది, యాకోబే అన్నాడుగా, అన్ని జంతువుల్నీ మనిషి లొంగదీశాడు గానీ నాలుకని ఎవడూ లొంగదీయలేకపోయాడని. జారినప్పుడు ఆ రోజే వెళ్ళి చెప్పు, నాలాగా 14 ఏళ్ళు ఆగకు.

ఆ సిస్టర్‌తో గొడవ పడకు. ఆమె నీ మంచికే చేసింది, నీతో పాటు తనూ కొన్ని పూటలు పస్తులుండి ఉంటుంది. కూడిక మానొద్దు. కానీ మళ్ళీ టాబ్లెట్ల మాట ఎత్తితే నిదానంగా యాకోబు పత్రిక మూడో అధ్యాయం తీసి పెట్టు. నాలుక నిప్పు అని, చిన్న చుక్కాని పెద్ద ఓడని తిప్పుతుందని మనం అందరం వల్లిస్తాం కదా, ఆ అధ్యాయం మొదలైందే బోధకుల మీద, మీలో ఎక్కువమంది బోధకులు కాకండి, మనకి తీర్పు ఇంకా కఠినంగా ఉంటుంది అని. పక్క మనిషికి "నీ నోటి వల్లే నీ కొడుకు పడ్డాడు" అని చెప్పడం కూడా నాలుకే చేసిన పని. నీకు నిద్ర లేకుండా చేసిన మాట అది, బైపాస్ మీద ఏ బండీ జారకుండానే. ఇది నీకు చెప్తున్నా, ఆమెకి నువ్వు చెప్పక్కర్లేదు, ఇట్లాంటివి రాయడం నాకూ వర్తిస్తుంది, నేనూ రోజూ పదిమందికి సలహాలు చెప్పేదాన్నే.

కట్టు ఎప్పుడు తీస్తామన్నారో, కాలు మీద బరువు ఎప్పుడు పెట్టమన్నారో రాయి. నీ ఫాస్టింగ్ షుగర్ ఎంతొచ్చిందో కూడా రాయి. అంకె నోటితో చెప్పడానికి ఇంకా భయంగా ఉంటే పౌలు లాగా కాగితం మీద పెట్టి పంపు.